విప్పుట నేర్చిన చేయి

కత్తికి పిడి యనియు, ఆ పిడిని పట్టిన చేతికి పిడికిలి యనియు పేరు పెట్టిన తెలుగువాడెవడో గాని, వాడు నిఘంటువులు చదివినవాడు కాడు, పనిముట్టు పట్టి అరచేయి కాయలు కాచినవాడై యుండవలెను. సంస్కృతమున అమరసింహుడు ఖడ్గపు పిడిని త్సరువనెను. మన కావ్యములలో పరుజను మాటయు కలదు. అయినను ఆ రెండు మాటలును కత్తిని చూచినవే గాని చేతిని చూచినవి కావు. ఒకానొక విద్య యెవనికైన బాగుగా వశమైనప్పుడు “వానికి అందులో మంచి పట్టు కలదు” అని మనము నేటికిని చెప్పుకొనుచున్నాము గదా, ఆ పట్టు ఎక్కడనుండి పుట్టునో చేతితోనే తెలిసికొనగోరువారు తీరిక వేళల ఒక పాతకత్తి పిడికి తోలు మార్చి చూడవలెనని ఈ అధ్యాయమున చెప్పబోవుచున్నాను.

తోలు మార్చుట యనగనే క్రొత్తతోలు చుట్టుట మనస్సునకు తోచును. నాకును అట్లే తోచినది. అట్లు తోచుటచేతనే చెడితిని. ఆ పనిలో సగమునకు మించినది పాతతోలును విప్పుటయందే యున్నదని తెలియుటకు నాకొక మంత్రిగారి తలపాగా నేల రాలవలసివచ్చెను. ఆ కథ చెప్పిన పిమ్మటగాని పనిలోని మెలకువలు చెప్పుట సరి గాదు.

నేనుండునది చెన్నపట్టణపు ఉత్తరభాగమున వ్యాసర్పాడి. ఇచ్చటి రవీశ్వరాలయమున వ్యాసమహర్షి శివుని అర్చించెనని స్థలపురాణము. ఊరి పేరును దానినుండియే వచ్చెనందురు. అయినను నేడు వ్యాసర్పాడి యనగనే పట్టణవాసులకు స్ఫురించునది మహర్షి గాదు, కాలిబంతి. సాయంకాలము నాలుగు గంటలైనచో మా పిల్లలు గజము వెడల్పు సందు దొరికినను బంతి తన్నుదురు. ఆ బంతి నెలకొకమారైన మా మేడమీదికి వచ్చి నా జిగురుగిన్నెలో పడును. ఒకప్రక్క బేసిన్ బ్రిడ్జి, మరియొకప్రక్క పెరంబూరు. వాని నడుమ ఎడతెగని రైళ్ళు. రైల్వే కర్మాగారములును, 1996లో మూతపడిన బకింగ్‌హాం కర్నాటిక్ మిల్లులును పనివారిని పిలిచిన కాలమున ఈ పేటలకు పొట్ట చేతబట్టుకొని వచ్చినవారిలో తెలుగువారును కలరు. మా తాత వారిలో ఒకడు.

మా మేనమామ పగలు ఒక కర్మాగారమున లేతుపని చేసి, రాత్రులు నాటకములలో వేషము కట్టెడివాడు. బొబ్బిలి యుద్ధము ఆడినప్పుడెల్ల తాండ్ర పాపారాయుడు ఆయనయే. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలికోట పడిన వృత్తాంతము నాకు చరిత్రపుస్తకములనుండి గాక, ఆయన కంఠమునుండియు, ఆయన చేతి కత్తినుండియు తెలిసినది. కోడంబాకమున విఠలాచార్యగారు జానపదచిత్రములు తీయుచు, కాంతారావుగారు ఆంధ్రదేశపు బాలురందరికిని కత్తివీరుడై వెలుగుచుండిన దినములవి. తెరమీది కత్తులకన్న మా మామ కత్తియే గొప్పదని నేను తోడి పిల్లలతో పందెములు వేసెడివాడను. నిజమునకు దాని అలుగు పదునులేని ఇనుపరేకు, అడ్డకట్టు ఇత్తడి, పిడి కొయ్య, ఆ కొయ్యపై చెమటకు నల్లబడి అద్దమువలె మెరయు తోలు. మామ పోయిన పిమ్మట చేతులు మారి మారి ఆ కత్తి నాయొద్దకు వచ్చునప్పటికి, తోలు ఎండి అంచులు లేచి, పాత గోడ సున్నమువలె పెచ్చులు పెచ్చులుగా నుండెను.

ఉద్యోగవిరమణానంతరము ఒక ఆదివారమున దానికి క్రొత్తతోలు వేయ సంకల్పించి, పాతదానిని చాకుతో పొడుగునా చీల్చి పారవైచితిని. లోపల కొయ్యకు అడుగుభాగమున, ఒకప్రక్క మాత్రమే, సైకిలు ట్యూబు ముక్క యొకటి పెట్టి దానిపై నూలుదారము అడ్డదిడ్డముగా చుట్టబడియుండెను. చూచుటకు కొయ్యకు పుట్టిన కంతివలె నుండెను. ఎవడో చేతకానివాడు చేసిన పని యనుకొని దానినిగూడ తీసివేసి, కొయ్యను గరుకుకాగితముతో చక్కగా గుండ్రముగా రుద్ది, చేతిసంచులకు వాడు మెత్తనితోలును ధారాళముగా జిగురు పూసి చుట్టితిని. నాలుగుదినములు దానిని చూచుకొని మురిసితిని. ఆ పిమ్మట మా అక్క మనుమడు బడినాటకపు రిహార్సలులో ఆ కత్తిని ఝళిపింపగా, తోలు వాని పిడికిటిలో కదలక నిలిచెను గాని, కొయ్య ఆ తోలు గొట్టములో గిర్రున తిరిగి, అలుగు బల్లపరుపుగా వెళ్ళి ప్రక్కనున్న మంత్రిగారి తలపాగాను నేల రాల్చెను. మంత్రిగారు ఆరవతరగతి విద్యార్థి యగుటచే రాజ్యమున కేమియు ఉపద్రవము రాలేదు.

గణేశపురము సబ్‌వేకు సమీపమున చెట్టుక్రింద చెప్పులు కుట్టు వృద్ధుడొకడు కలడు. మూడుతరములుగా పట్టణముననే యున్నను వారి యింట నేటికిని తెలుగే. కత్తిని గోనెసంచిలో చుట్టుకొని ఆయనయొద్దకు పోతిని.

“ఏం సారూ, చుట్టేదానికి వచ్చినారా, ఇప్పేదానికి వచ్చినారా?”

“చుట్టడానికే పెద్దాయనా. విప్పడానికేముంది, పాతది నేనే విప్పేశాను.”

“ఆ పాత తోలేదీ?”

“పారేశాను.”

“అట్లయితే ఇప్పలేదు సారూ, చించినారు.”

ఆయన చేతిలోని చెప్పు ప్రక్కన బెట్టి, లోపల ఏమున్నదో చెప్పుమనెను. నేను ఆ కంతిని వర్ణించితిని.

“ఏ పక్క ఉండింది?”

“చిటికెనవేలు పక్క.”

“ఆ కత్తి పట్టినాయనకి చిటికెనవేలు బాగుండిందా సారూ?”

నేను ఒక్క క్షణము మాటాడలేకపోతిని. మా మామ కుడిచేతి చిటికెనవేలు లేతులో నలిగి మరి వంగెడిది కాదు. అన్నము కలుపుకొనునప్పుడు ఆ వ్రేలు విడిగా నిలిచియుండుటను నా బాల్యమంతయు చూచితిని గాని, పిడి ఆ వ్రేలికి ఎట్లు అందెడిదో ఒక్కనాడైనను ఆలోచింపలేదు. ముడుచుకొనని వ్రేలు పిడిని చేరలేదు గనుక, పిడియే ఉబ్బి వ్రేలివద్దకు పోయినది. పేరు తెలియని ఆ పనివాడు మా మామ చేతిని తన చేతులలోనికి తీసికొని, కొలిచి, ఆ కొలతను రబ్బరుముక్కగా దారముతో కట్టి, పైన తోలు కప్పి దాచిపెట్టెను. ఆయన చేతి ఆకృతిని నిలిపియుంచిన వస్తువు లోకమున అదియొక్కటియే. దానిని నేను చెత్తకుప్పలో వేసితిని.

వృద్ధుడు నన్ను ఓదార్చలేదు; తిట్టనులేదు. “కుట్టేది రేపైనా కుట్టచ్చు సారూ. ముందరోడు ఎట్లా కుట్టినాడో చూసేది ఒక్కసారే” అని మరల చెప్పు చేత పట్టెను.

వ్యక్తిత్వవికాసమును గూర్చి వ్రాయువారు ప్రారంభించుటను గూర్చియు, పూర్తిచేయుటను గూర్చియు పుటలు పుటలుగా వ్రాయుదురు గాని, ఒకరు ముగించిన పనిని మనము చేపట్టునప్పుడు దానిని ఎట్లు విప్పవలెనో చెప్పువారు అరుదు. మన జీవితములలో సున్నానుండి మొదలు పెట్టు పనులు ఎన్ని? తండ్రి నడపిన కిరాణాకొట్టును చేపట్టిన కొడుకు, అంగడి ముందరి బల్ల వలన చోటు దండుగ యని దానిని తీసివేయించును. ఆ బల్లమీద కూర్చుండి మాటాడుచుండిన పెద్దలే నెలనెల బాకీలు చెల్లించు ఖాతాదారులని వానికి తెలియునప్పటికి ఆ పెద్దలు మరియొక అంగడి బల్ల వెదకుకొని యుందురు. చేతకానితనముగా మనకు కనబడినది వేరొకని కొలత కావచ్చును. కాదేమో గూడ, కొన్ని కంతులు నిజముగా కంతులే. ఏది యేదియో తెలియవలెనన్నచో చీల్చరాదు, విప్పవలెను. దీనికి చేతిని అలవరచుటకు కత్తిపిడి మిక్కిలి అనువైనది. ఏలన అది చిన్నది, నాలుగు సాయంకాలములలో ముగియునది, తప్పు చేసినచో తర్కముతో పనిలేకుండ అరచేతికే చెప్పునది.

ఏ కత్తికి ఈ పని చేయవచ్చునో ముందు తెలిసికొనవలెను. 1959 నాటి ఆయుధచట్టము క్రింది నియమములు, ఇంటికిని సేద్యమునకును పరిశ్రమకును మాత్రమే ఉద్దేశింపబడినవి తప్ప, తొమ్మిది అంగుళములకు మించిన పొడవో రెండంగుళములకు మించిన వెడల్పో గల పదునైన కత్తులను ఆయుధములలో చేర్చినవి; ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో వానికి అనుమతిపత్రము కావలెను. కనుక పదునులేని నాటకపు కత్తియో, సాముగరిడీ అభ్యాసమునకు వాడు మొద్దుకత్తియో చాలును. నూరేండ్లు దాటిన కత్తి మీ యింట నున్నచో అది 1972 నాటి చట్టము ననుసరించి పురావస్తువు. దాని తోలు చినిగియున్నను చెదిరియున్నను దానిమీద చేయి వేయకుడు. చినిగిన ఆ తోలే దాని చరిత్ర.

మన దేశపు పాతకత్తులలో పెక్కింటికి ఈ పని అవసరమే లేదు. ఎగ్మూరున 1851లో స్థాపితమైన ప్రభుత్వ మ్యూజియమునకు పోయి, తంజావూరు ఆయుధశాలనుండి వచ్చిన కత్తులను చూడుడు. నేను చూచినంత తీరికగా చూచినచో కావలివాడు మీ వెనుకనే తిరుగును గాని, అందులకు వెరవకుడు. తల్వారు పిడి యంతయు లోహమే. అలుగునకు తోకవలె నున్న ఇనుపభాగమును ఆ బోలు పిడిలోనికి చొప్పించి, కరగించిన లక్కతో బిగింతురు. పట్టా యను పొడుగుకత్తికైతే పిడి మోచేతివరకు కప్పు ఇనుపతొడుగు. లోపల అడ్డకమ్మిని పట్టుకొనవలెను. అట్టి వానిలో తోలు ఒరకు చెందినది. కొయ్యపిడికి తోలు చుట్టుట ఐరోపా కత్తులలో విరివిగా కనబడు పద్ధతి. మన నాటకపు కత్తులు ఆ పద్ధతినే తమకు వీలైనట్లు అనుసరించినవి. జపానువారు పిడిపై ముల్లుతోక చేప చర్మము పరచి, దానిపై నాడా అల్లుదురు. ఆ చర్మముపై ఇసుకరేణువులవలె నుండు గట్టిబుడిపెలు నాడాను జారనీయవు. మన కాశిమేడు రేవున బెస్తవారు తిరుక్కై యని అమ్మునది ఆ జాతి చేపయే. ఒక విషయము మాత్రము నాకు ఎన్నడును కొరుకుడు పడలేదు: నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కాచిన ఉక్కును పారశీక వర్తకులు వెదకికొని వచ్చి కొనిపోయిరని చరిత్రకారులు వ్రాయుదురు, ఆ యుక్కు అలుగుపై నీటికెరటములవలె కనబడు గీతలను గూర్చి గ్రంథములే కలవు, అట్టి అలుగును చేతికి అందించిన పిడిపనివారిని గూర్చి ఒక్క వాక్యము చదువుటకు ముప్పది పుటలు త్రిప్పవలెను.

ఇక పనిలోనికి వత్తము. ముందు అలుగును, అది ఎంత మొద్దుదైనను, పాతపంచెతో మందముగా చుట్టి త్రాటితో కట్టుడు. పిడిని నలుదిక్కుల చూచి కాగితముమీద బొమ్మ వేయుడు. ఛాయాచిత్రము తీసినను మంచిదే గాని, బొమ్మ వేయు కన్ను ఎక్కువ చూచును. అతుకు ఏ ప్రక్కకు వచ్చినది? సాధారణముగా అది కత్తి నడుమున వ్రేలాడునప్పుడు దేహమువైపున నుండి పైకి కనబడదు. తోలు ఎచ్చట ఎక్కువ అరిగినది? బొటనవ్రేలి చోటు అరిగియుండినచో పట్టినవాడు వ్రేళ్ళతో పట్టినాడు. అంతటను సమముగా అరిగినచో పిడికిలి బిగించి పట్టినాడు. ఇది యంతయు వ్రాసికొన్న పిమ్మట గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన గుడ్డను అతుకుపై పావుగంట వేసియుంచుడు. వడ్రంగులు వాడు వజ్రము, అనగా పశుచర్మములు కాచి చేసిన పాతకాలపు జిగురు, అయినచో మెత్తబడి అతుకు తానే నోరు విప్పును. రబ్బరు సొల్యూషనైనచో నీటికి లొంగదు. మొద్దు వెదురుబద్దను అంచుక్రింద దూర్చి, వేలెడు వేలెడుగా లేపవలెను. ఇచ్చట తొందరపడువారికి నేనొక ఉపాయము చెప్పెదను: గడియారము చూడక, వ్యాసర్పాడి జీవా స్టేషనులో ఆగు లోకల్ రైళ్ళను లెక్కించుచు పని చేయుడు. ఏడెనిమిది రైళ్ళు పోవునప్పటికి తోలు మీ చేతిలోనికి వచ్చును. రైలు వినబడని ఊరివారు వేరొక ఉపాయము వెదకికొందురు గాక.

వచ్చిన తోలును నీట తడిపి, రెండు పలకల నడుమ నొక్కి ఆరబెట్టినచో అది బల్లపరుపగును. అదియే క్రొత్తతోలునకు మాదిరి. పిడి మొదలుకంటె చివర సన్నమగుటచే ఆ తునక దీర్ఘచతురస్రముగా నుండదు, ఒకప్రక్క ఒదిగియుండును. దర్జీ లెక్కలతో ఈ ఆకారమును గీయుటకు కుస్తీపట్టి ఓడినవాడను గనుక చెప్పుచున్నాను, పాతతోలును మించిన గురువు లేదు. తోలుక్రింద ఏమున్నను, దారమైనను కాగితమైనను రబ్బరైనను, ఉన్న వరుసలో విప్పి పళ్ళెములో అదే వరుసలో పేర్చుడు. అది ఎందుకున్నదో తెలియనంతవరకు పారవేయకుడు.

కొయ్య చీలియున్నచో అతికింపవలెను, వదులైనచో బిగింపవలెను. కొయ్యను నేను చేసినట్లు గుండ్రముగా రుద్దరాదు. మంచి పిడి కోడిగ్రుడ్డువలె ఒకవైపు పొడుగు, ఒకవైపు చదును. దానివలననే కన్ను చూడకున్నను వాదర ఎటున్నదో చేతికి తెలియును. గుండ్రని పిడి పట్టినవానికి తన కత్తి ఎటు చూచుచున్నదో తెలియదు. తలపాగా రాలుటకు సగము కారణమదియే. పిడి లావును గూర్చి కూడ అందరును పొరబడుదురు. లావుగా నున్నచో పట్టు చిక్కునని తోచును; నిజమునకు పిడికిలి పూర్తిగా ముడుచుకొనక, వ్రేళ్ళు అలసి, మణికట్టు బిగిసికొనును. మధ్యవ్రేలి కొన అరచేతి కండను తాకీ తాకనట్లుండవలెను. ఒలింపిక్ కత్తిసాములో సేబరు అను కత్తి బరువు ఐదువందల గ్రాములలోపుననే యుండవలెనని నియమము. దానిని బొటనవ్రేలు వెన్నుమీద ఆనించి, వ్రేళ్ళతో నడపుదురు గాని పిడికిలి బిగింపరు. ఆ సేబరుతో 2021లో టోక్యో ఒలింపిక్సునకు పోయి, మన దేశమునుండి ఆ క్రీడలో పాల్గొన్న తొలి వ్యక్తియైన భవానీదేవి మా ఉత్తరచెన్నపట్టణపు పిల్లయే. ఆమె తండ్రి సామర్లకోటనుండి వలసవచ్చిన అర్చకుడు. బడిలో వెదురుకర్రలతో అభ్యాసము మొదలుపెట్టిన ఆమె టోక్యోలో తొలిపోరును 15-3తో గెలిచి, మలిపోరున ఓడెను. మా మేడమీద టెలివిజను పెట్టి చూచిన పిల్లలు ఆ గెలుపును చూచిరి; నేను ముసలివాడను గనుక ఆమె బొటనవ్రేలిని చూచితిని.

తోలును గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను. నా పాపములో తక్కిన సగము అచ్చటనే యున్నది. వ్యాసర్పాడి జీవా యొద్ద రైలెక్కి సెంట్రలున దిగి, కొంతదూరము నడచినచో పెరియమేటు. తోలువర్తకమునకు పట్టణమున అది రాజధాని. సందులో కాలు పెట్టకమున్నే వాసన ఎదురేగి స్వాగతమిచ్చును. తోలు రెండు తెరగులు: చెట్టుబెరడుల కషాయములో పదునుపెట్టినది ఒకటి, క్రోమియపు లవణములలో పదునుపెట్టినది మరియొకటి. రెండవది మెత్తన, సాగును, నీటికి చలింపదు, సంచులకును బూట్లకును శ్రేష్ఠము. కాని తడిపి చుట్టినచో చుట్టిన ఆకారమును పట్టుకొనదు. నేను వాడినది అదియే. మొదటిది తడిసినప్పుడు పిండివలె లొంగి, ఆరినప్పుడు ఆ రూపముననే గట్టిపడును. మద్రాసునుండి విదేశములకు పోయి ఈస్టిండియా తోలను పేరు వహించినది ఈ జాతియే. దానికి ఆధారము తంగేడుపట్ట. బతుకమ్మలో పసుపుపచ్చగా నవ్వు ఆ తంగేడు బెరడునందే తోలును కుళ్ళనీయని ఒగరు గలదు. బేరమాడునప్పుడు రెండింటిని కనిపెట్టుటకు కోసిన అంచు చూడుడు: క్రోముతోలు నడుమ నీలిబూడిద వన్నె కనబడును, తంగేడుతోలు లోపలను వెలుపలను గోధుమవన్నెయే. రంగు వేసినందున తెలియకున్నచో గోరంత ముక్కను మరగునీటిలో వేయుడు. బెరడుతోలు ముడుచుకొని వంకర తిరుగును. చక్కగా పదునైన క్రోముతోలు చెక్కుచెదరదు.

ఈ మరగునీటి పరీక్ష చర్మకారులే గాక తోలు శాస్త్రజ్ఞులును ఎరిగినదే. అడయారున 1948లో వెలసిన కేంద్ర తోలు పరిశోధనాలయమునకు 1958 మొదలు 1971 వరకు అధ్యక్షత వహించిన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి ప్రాంతపు యలవర్రున రైతుకుటుంబమున పుట్టినవారు. తోలని ముక్కు మూసికొను సమాజమునుండి వచ్చి, తోలును శాస్త్రముగా అభ్యసించి, ఆ శాస్త్రమును గ్రామములలోని చర్మకారుల తొట్లవద్దకు చేర్చవలెనని పాటుపడిన ఆయన 1985 జూన్ 23న కనిష్క విమానముతోపాటు సముద్రమున పడిపోయిరి. మా వృద్ధునికి ఆయన పేరు తెలియదు. ఆయనకు మా వృద్ధుని వంటివారు వేలకొలది తెలిసియుండిరి. మన చెప్పు కుట్టినవాని పేరు మనకు తెలియకుండుటకు మాత్రము నాకు ఏ సమాధానమును దొరకలేదు.

కావలసినది పలుచని మేకతోలు, ఒక మిల్లీమీటరు మందమునకు లోపు. పిడికి అరచేయి వెడల్పు తునక చాలును గనుక అంగడిలో మిగులు ముక్కలే అడుగుడు. ముందు కొయ్యమీద సన్నని జనుపపురి బొటనవ్రేలి గోరు వెడల్పు ఎడముతో చుట్టి జిగురుతో నిలుపుడు. పైన తోలు పడినప్పుడు ఇవియే గట్లవలె లేచి చేయి జారకుండ పట్టును. ఏ వ్రేలికైన ఎత్తు కావలసినచో దానిని ఇచ్చటనే, తోలుక్రిందనే చేర్పవలెను. మాదిరి ప్రకారము కత్తిరించిన తోలు రెండంచులను లోపలివైపున, మోటగు కత్తితో గాక, చెప్పులు కుట్టువారు వాడు వెడల్పైన తోలుకత్తితో ఏటవాలుగా చెక్కి కాగితమంత పలుచన చేయుడు. తొలి మూడు తునకలు ఈ ఘట్టముననే చిల్లులు పడును. అందులకే మిగులు ముక్కలు కొనుమంటిని. పిమ్మట తోలును నీట ముంచి, బుడగలు వచ్చుట మానినంతనే తీసి, గుడ్డతో ఒత్తి, కొయ్యకు పలుచగా జిగురు పూసి చుట్టుడు. జిగురు పలుచగా నుండవలెనని నొక్కి చెప్పుచున్నాను. ధారాళముగా పూయుట అపనమ్మకమునకు గుర్తు, తోలు అది కనిపెట్టి జారును. అంచుపై అంచు వాలునట్లు అతికి, వెంటనే మరియొక నూలుపురితో గట్టుకు గట్టుకు నడుమ పల్లములలో గట్టిగా చుట్టివేయుడు. ఆరెతో రంధ్రములు పొడిచి కుట్టు పద్ధతియు కలదు. అది నిలుకడ యైనది గాని, తొలి పిడికి వలదు.

ఇచ్చట చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. ఎండలో పెట్టరాదు, పొయ్యిచెంతకు తేరాదు, మరగునీట ముక్క ఎట్లు ముడుచుకొనెనో తలచుకొనుడు, తడితోలు వేడికి అట్లే చెడును. నీడలో, గాలి తగులు చోట, ఒక రాత్రియు ఒక పగలును. ఐప్పసి కార్తీకముల వానలలోనైతే రెండింతలు. ఈశాన్యఋతుపవనపు చెమ్మలో బూజు పట్టుటయు కద్దు. పొడిగుడ్డతో తుడిచి గాలికి పెట్టుటయే మందు.

ఆరిన పిమ్మట పురిని విప్పవలెను. మరల విప్పుటయే! ఇది చక్కగా జరిగినచో పురి ముద్రలు తోలుపై సన్నని గాడులుగా నిలిచి, గట్లు నిండుగా లేచియుండును. నలుపు కావలెనన్నచో శ్రీకాళహస్తి కలంకారివారి కసిమిని మించినది లేదు: తుప్పు పట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో రెండు మూడు వారములు నానవేసి వడియగట్టిన నీరు. కరక్కాయ పట్టించిన గుడ్డను అది తాకగనే గుడ్డ నల్లబడునట్లు, తంగేడుతోలును తాకగనే తోలు కన్నుల ముందరనే నల్లనగును. ఇది పూత గాదు, తోలులోని ఒగరునకును ఇనుమునకును కుదిరిన పెండ్లి. అందుచేత చేతికి అంటదు. రంగు నిలిచినంతనే వంటసోడా కలిపిన నీటితో తుడిచి, ఆరనిచ్చి, తేనెమైనము కొద్దిగా రుద్దుడు. నూనె పోసి తళతళలాడింపకుడు. ఆ తళుకు చెమట ఇచ్చునదే గాని సీసా ఇచ్చునది గాదు. ఇత్తడి అడ్డకట్టును తాకుచోట మైనము మరి కొంచెము ఎక్కువగా నుండుట మేలు. లేకున్న తోలు ఒగరునకు ఇత్తడి పచ్చగా కిలుము పట్టును.

మా మామ కత్తికి రెండవమారు తోలు వేయునప్పుడు, అదియే ఎత్తున సైకిలు ట్యూబుముక్క పెట్టి చూచితిని. ఎంత ఎత్తో జ్ఞాపకమునుండి ఊహించితిని; అన్నము కలుపుచు విడిగా నిలిచిన ఆ వ్రేలిని కన్నులు మూసికొని కొలిచితిని. మా మనుమడు పట్టి, “తాతా, ఇక్కడేదో గుచ్చుకుంటోంది” అనెను. వాని వ్రేలు చక్కగా వంగును గదా. తీసివేసితిని. ఆ ముక్కను ఇప్పుడు పారవేయలేదు. పళ్ళెములో, విప్పిన వరుసలో, దాని చోట అది యున్నది.

వాని చేతికి కొలిచి చుట్టినది నిన్న సాయంకాలము. రాత్రి ఒక జల్లు పడినది. ఇప్పుడే లేచి పోయి వ్రేలితో నొక్కి చూచితిని. పురిక్రింద తోలు ఇంకను చల్లగా, చెమ్మగా నున్నది. మనుమడు క్రిందినుండి “విప్పేదా తాతా?” అని కేక వేయుచున్నాడు. రేపు చూతము.